గండిపేటకు వచ్చే వాగుల్లో ఎరువెంత, మట్టెంత? ఆదివారం సీసాలతో లెక్క తేలడం లేదు

కల్వర్టు_కాడ

అందరికీ నమస్తే. శంకర్‌పల్లి వైపు ఇల్లు కట్టుకుని ఆరేళ్లయింది. ఇంటికి కిలోమీటరు దూరంలో ఒక వాగు, దాని మీద పాత కల్వర్టు. ఆ వాగు పోయి మూసీలో పడుతుంది, మూసీ పోయి గండిపేట జలాశయంలో (ఉస్మాన్‌సాగర్ అన్నా అదే). నేనూ, మా లేన్‌లో ఇంకో నలుగురమూ పోయిన జూన్ నుంచి ప్రతి ఆదివారం పొద్దున ఏడింటికి ఒక సీసా పట్టి ల్యాబ్‌కి పంపుతున్నాం. డబ్బులు తలా కొంచెం వేసుకుంటున్నాం.

ఎందుకు మొదలుపెట్టామంటే, 2022 ఏప్రిల్‌లో వచ్చిన 69వ నంబరు జీవో జలాశయాల చుట్టూ కట్టడాలను అడ్డుకునే పాత 111 జీవో ఆంక్షలను ఎత్తేస్తూ ఒక షరతు పెట్టింది. గండిపేట, హిమాయత్ సాగర్ రెండు జలాశయాల నీటి నాణ్యత ఏ విధంగానూ దెబ్బతినకూడదట. మంచి మాటే. మరి రేపు దెబ్బతిందని చెప్పాలంటే ఇవాళ ఎలా ఉందో ఎవరో ఒకరు రాసిపెట్టాలి కదా. అదీ మా ఉబలాటం.

సమస్య ఏమిటంటే, ముప్పై చిల్లర సీసాలయ్యాయి, దాదాపు అన్నీ శుభ్రంగానే ఉన్నాయి. నీళ్లు తేటగా, నైట్రేటు తక్కువగా. కానీ వాగు మూసీలో కలిసే చోట ఏటా కొత్తగా ఒండ్రు మేట వేస్తోంది, చెరువు మొదట్లో గుర్రపుడెక్క పెరుగుతోంది. కాగితాల్లో కనబడనిది కళ్ల ముందు ఎలా కనబడుతోంది? ఎక్కడ తప్పు చేస్తున్నాం?

గేజి_మాస్టారు

తప్పు సీసాలో లేదు బాబూ, ఆదివారంలో ఉంది.

నేను నీటిపారుదల శాఖలో ముప్పై రెండేళ్లు చేసి దిగాను. అందులో చాలాకాలం గేజి రీడింగుల పుస్తకాలు చూడటమే పని. ఒక చోట గేజి మనిషి ఉండేవాడు, చాలా నిజాయితీపరుడు. రోజూ పొద్దున ఎనిమిదింటికి వచ్చి వాగులో రాతి మీద గీసిన అడుగుల గుర్తు చూసి రాసేవాడు. ఏడాదంతా చూస్తే ఒకటీ, ఒకటిన్నర, ఒకటీ పావు. ఆ పుస్తకం చదివితే అది వాగు కాదు, పంట కాలువ అనిపిస్తుంది. కానీ పైన ముళ్లకంపల్లో ఆరడుగుల ఎత్తున చెత్త చిక్కుకుని ఉండేది. మన దగ్గర గట్టి వాన పడేది ఎక్కువగా సాయంత్రం, రాత్రి. చిన్న వాగు పొంగితే నాలుగైదు గంటల్లో దిగిపోతుంది. ఎనిమిదింటికి మనవాడు వచ్చేసరికి వాగు ముఖం కడుక్కుని బుద్ధిగా కూర్చుని ఉంటుంది.

మీ ఆదివారాలూ అంతే. ఏడాది మొత్తంలో వాగు మోసే మట్టిలో చాలా భాగం నాలుగైదు వరదల్లోనే పోతుంది. ఆ నాలుగైదు రాత్రులు మీ సీసా ఇంట్లో ఉంది.

ఇంకో మాట. మీరు కొలుస్తున్నది గాఢత, అంటే లీటరుకు ఎంత అన్నది. జలాశయానికి కావలసింది లోడు, మొత్తం ఎన్ని కిలోలు వచ్చాయన్నది. దానికి నీళ్లు ఎన్ని పారాయో తెలియాలి. సీసా పట్టినప్పుడు ప్రవాహం కొలిచారా?

కల్వర్టు_కాడ

లేదు సార్. ఒక్కసారి కూడా.

వీధిదీపం

అసలు గండిపేట నీళ్లు ఇప్పుడెవరు తాగుతున్నారు? నగరానికి కృష్ణా, గోదావరి, మంజీరా వస్తున్నాయి. ఇదంతా 1908 వరదల నాటి ముచ్చట. రెండు చెరువులూ ఇప్పుడు సెల్ఫీలకే.

కల్వర్టు_కాడ

> ఇప్పుడెవరు తాగుతున్నారు?

ఇప్పటికీ వస్తున్నాయన్నా, వాటా తగ్గింది, అంతే. 1920లో కట్టిన ఉస్మాన్‌సాగర్ నుంచి నీళ్లు మోటారు లేకుండా, వాలు మీదే, ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్స్‌కి చేరతాయి. హిమాయత్ సాగర్‌వి మీరాలం వైపు. కృష్ణా నీళ్లను వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో, మెట్టు మెట్టుకీ కరెంటుతో ఎత్తి తెస్తున్నాం. వాలు మీద దొరికే నీళ్లను పాడుచేసుకుని ఎత్తిపోసే నీళ్లకు బిల్లు కట్టడం ఏం తెలివి?

బీకరు_అక్క

నీటి పరీక్షల ల్యాబ్‌లో పన్నెండేళ్లుగా ఉన్నాను. వరద సంగతి మాస్టారు చెప్పారు, నేను సీసా సంగతి చెప్తాను. తమ్ముడూ, మీ రిపోర్టులో ఏ పరీక్షలున్నాయి? "తాగునీటి ప్యాకేజీ" తీసుకున్నారా?

కల్వర్టు_కాడ

అవునక్కా. అదే చవక అన్నారు. ఫాస్ఫేట్ మాత్రం విడిగా అడిగి చేయించుకున్నాం. మొదటి పన్నెండు రిపోర్టుల్లో ఫాస్ఫేట్ కొంచెం ఎక్కువే ఉండేది. సెప్టెంబరులో ల్యాబ్ మార్చాం, సరిగ్గా మూడో వంతుకు పడిపోయింది. వానలకు వాగు కడుక్కుపోయిందనుకున్నాం. ఆ వారం మైసూర్‌పాక్ కూడా తెచ్చుకున్నాం.

బీకరు_అక్క

మైసూర్‌పాక్ వెనక్కి ఇచ్చేయండి 🙂

మొదటి ల్యాబ్ ఫాస్ఫేట్‌గా రాసింది, రెండోది ఫాస్ఫరస్‌గా, అంటే ఉత్త భాస్వరంగా రాసింది. ఒకే నీళ్లు, రెండు రాతలు. ఫాస్ఫేట్ అంకెను 3.06తో భాగిస్తే అందులోని భాస్వరం వస్తుంది. మీ "మూడో వంతు" అదే. నైట్రేటుకూ ఇదే తిరకాసు, అక్కడ 4.43. తాగునీటి ప్రమాణంలో నైట్రేటు 45 మిల్లీగ్రాములంటే నైట్రేటుగా లెక్క. నత్రజనిగా రాస్తే అది పదికి కాస్త పైన. రిపోర్టు చేతికి రాగానే ముందు అంకె చూడకండి, దాని పక్కన ఏం రాశారో చూడండి.

అసలు విషయానికొస్తాను. మన తాగునీటి ప్రమాణాల పట్టికలో భాస్వరం లేదు. ఎందుకంటే అది తాగేవాడిని నేరుగా ఏమీ చేయదు. చెరువును చేస్తుంది. నిలవ నీటిలో మొత్తం భాస్వరం లీటరుకు 24 మైక్రోగ్రాములు దాటిందంటే నాచు పెరిగే చెరువుల జాబితాలో చేరినట్టే. మిల్లీగ్రాము కాదు, మైక్రోగ్రాము. చాలా ల్యాబులు నీటిలో ఫాస్ఫేట్ చూసే మామూలు పద్ధతికి ఆ అంకె అందనే అందదు, "గుర్తించదగిన మేరకు లేదు" అని రాసి ఇస్తారు. మీరు లేదనుకుంటారు.

అడగాల్సినవి రెండు. ఒకటి మొత్తం భాస్వరం, అంటే మట్టికి అంటుకున్నది కూడా కలిపి, యాసిడ్‌తో ఉడికించి చూసేది. రెండోది కరిగిన భాస్వరం, దీన్ని వాగు దగ్గరే 0.45 మైక్రాన్ ఫిల్టరులోంచి సిరంజితో వడకట్టి ఐసులో పెట్టి 48 గంటల్లోపు చేయించాలి. వడకట్టకుండా ల్యాబ్ దాకా తెస్తే దారిలోనే మట్టి దాన్ని పీల్చుకుంటుంది, లేదా వదులుతుంది. ఎటైనా మీ అంకె మీది కాదు.

సీసాలు దేంతో కడుగుతున్నారు?

కల్వర్టు_కాడ

అంట్లు తోమే సబ్బుతో... తర్వాత మూడుసార్లు మంచినీళ్లతో.

బీకరు_అక్క

అయ్యో. కొన్ని సబ్బుల్లోనే ఫాస్ఫేట్ ఉంటుంది తమ్ముడూ. పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో కడిగి, డిస్టిల్డ్ వాటర్‌తో తొలిచి, వాగు దగ్గర ఆ వాగు నీళ్లతోనే రెండుసార్లు తొలిచి పట్టాలి. ప్రతిసారీ ఒక సీసాలో ఉత్త డిస్టిల్డ్ వాటర్ పోసి, మామూలు సీసాల మధ్యే కలిపి, అది ఏ సీసానో ల్యాబ్‌కి చెప్పకుండా పంపండి. దాంట్లో భాస్వరం వచ్చిందంటే అది మీ చేతిదో ల్యాబ్‌దో అన్నమాట.

చేవెళ్ల_బిడ్డ

గంటసేపటి సంది సదువుతున్న. ఎరువు ఎరువు అంటున్రు. అంటే మళ్ల రైతు మీదికే తెస్తున్రు గదా. మా తాన టమాట, క్యారెట్, పువ్వుల తోటలు. డీఏపీ బస్తా రేటు మీకు ఎరుకనా? దాన్ని వాగుల పారబోసుకునే పిచ్చోడు ఎవడున్నడు? చెరువు సుట్టు ఫంక్షన్ హాళ్లు, విల్లాలు, ఫాంహౌజులు. ఆళ్ల సెప్టిక్ ట్యాంకులు యాడికి పోతున్నయో ఎవరన్న సీసల పట్టిన్రా?

నిరుడు మా ఊరి పక్కన వెంచర్ చేసిన్రు. అరవై ఎకరాలు జేసీబీ పెట్టి చెట్టు చేమ లేకుండ గీకిండ్రు, మొరం రోడ్లు పోసిన్రు, ప్లాట్లు అమ్ముడుపోక గట్లనే వదిలేసిన్రు. మొదటి వానకే మా వాగు ఎర్రగ, రక్తం లెక్క పారింది. మా చేన్లు నల్లరేగడి. ఎర్రమట్టి మాది కాదు.

గేజి_మాస్టారు

చేవెళ్ల బిడ్డ చెప్పిన చివరి మాట ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన మంచి కొలత. రంగు. అనంతగిరి నుంచి చేవెళ్ల దాకా ఎక్కువగా నల్లరాయి, నల్లరేగడి. కొండ నెత్తిన ఎర్రటి చిట్టురాయి. ఇటు మొయినాబాద్, గండిపేట వైపు వస్తే గ్రానైటు, ఎర్ర చెల్క. వాగు ఎప్పుడు ఏ రంగులో పారిందో గడియారం చూసి రాస్తే మట్టి ఎటు నుంచి వచ్చిందో సగం తేలుతుంది. దీనికి ల్యాబ్ అక్కర్లేదు.

రైతా, విల్లానా అన్న తగువు మీద ఒక లెక్క వేసి చూపిస్తాను. అంకెలు ఊహవే, కానీ ఇలాంటి వాగుకు సాధ్యమైనవే.

వరద రాత్రి: ఆరు గంటలపాటు సెకనుకు సగటున 20 ఘనపు మీటర్లు (మన భాషలో 700 క్యూసెక్కులు) పారిందనుకోండి. 4,32,000 ఘనపు మీటర్ల నీరు. లీటరుకు 2 గ్రాముల మట్టి ఉంటే 864 టన్నులు. ఒక ట్రాక్టరు ట్రాలీకి మూడున్నర టన్నులేస్తే దాదాపు 250 ట్రాలీలు, ఒక్క రాత్రిలో. ఆ మట్టి కిలోకి అర గ్రాము భాస్వరం ఉంటే మొత్తం 432 కిలోలు.

ఎండాకాలం: అదే వాగులో సెకనుకు 50 లీటర్ల మురుగు జాలు పారుతోంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము భాస్వరం. రోజుకు 4.32 కిలోలు. (లీటరుకు మిల్లీగ్రాములను సెకనుకు ఘనపు మీటర్లతో గుణించి, మళ్లీ 86.4తో గుణిస్తే రోజుకు కిలోలు వస్తాయి. ఈ 86.4 అరచేతిలో రాసుకోండి.) వంద రోజులకు ఎంత? 432 కిలోలు.

ఆరు గంటల వరదా, వంద రోజుల జాలూ ఒకే బరువు తెచ్చాయి. ఆదివారం సీసాకు మొదటిది కనబడదు. వరదలో మాత్రమే పట్టే సీసాకు రెండోది కనబడదు.

బీకరు_అక్క

బరువు ఒకటే గానీ నాచుకు రెండూ ఒకటి కాదు మాస్టారూ. వరద తెచ్చిన 432 కిలోల్లో చాలావరకు మట్టి రేణువులకు గట్టిగా పట్టుకుని ఉంటుంది, చెరువు అడుగుకు దిగుతుంది. మురుగులోది కరిగిన రూపం, వచ్చిన రోజే నాచు నోటికందుతుంది. అదీ ఎండాకాలంలో, నీళ్లు తక్కువగా వేడిగా ఉన్నప్పుడు.

అలాగని అడుగుకు దిగింది చచ్చినట్టు పడి ఉండదు. లోతు నీళ్లలో ఆక్సిజన్ అయిపోయినప్పుడు ఇనుముతో కట్టుబడి ఉన్న భాస్వరం విడివడి మళ్లీ పైకి వస్తుంది. బ్యాంకులో వేసిన డబ్బు లాంటిది. వాగులన్నీ బాగుచేసినా కొన్నేళ్లు చెరువు ఆ పాత డిపాజిట్ మీద బతుకుతుంది.

చేవెళ్ల_బిడ్డ

432 కిలోలంటే ఎన్ని బస్తాల డీఏపీ?

గేజి_మాస్టారు

50 కిలోల డీఏపీ బస్తా మీద 18-46 అని ఉంటుంది చూడు. ఆ 46 శాతం భాస్వరం ఆక్సైడు లెక్క. అసలు భాస్వరం బస్తాకు పది కిలోలు. అంటే నలభై మూడు బస్తాలు. మనుషుల వైపు నుంచి చూస్తే, ఒక మనిషి నుంచి రోజుకు సుమారు ఒకటిన్నర గ్రాముల భాస్వరం బయటికి పోతుంది. రోజుకు 4.32 కిలోలంటే దాదాపు మూడు వేల మంది. రెండు పెద్ద గేటెడ్ కమ్యూనిటీలు.

చేవెళ్ల_బిడ్డ

నలభై మూడు బస్తాలు ఒక్క రాత్రిల. అబ్బ. గిది ఎవలన్న ముందే చెప్తే ఇంటుంటిమి కదా సార్. పైన సల్లిన డీఏపీ మొగులు పడితే కొట్టుకపోతది, గది మాకూ ఎరుకే. గొర్రుతోటి ఇత్తనం కింద ఏసినోని చేన్ల నిలుస్తది. గానీ కూలి దొరకక సల్లేటోళ్లే ఎక్కువైన్రు.

టొలీడో_తెలుగోడు

చాలాకాలంగా చదవడమే గానీ రాయను. ఈ చర్చ చూశాక ఆగలేకపోయాను.

నేనుండేది ఒహాయోలో, ఈరీ సరస్సు ఒడ్డున టొలీడో. 2014 ఆగస్టు మొదటి వారంలో ఒక శనివారం పొద్దున లేచేసరికి కుళాయి నీళ్లు తాగొద్దు, కాచి కూడా తాగొద్దు అని చెప్పారు. సరస్సులో పెరిగిన నీలాకుపచ్చ నాచు వదిలే మైక్రోసిస్టిన్ విషం శుద్ధి చేసిన నీళ్లలోకే వచ్చేసింది. మరగబెడితే విషం పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. దాదాపు నాలుగైదు లక్షల మందికి మూడు రోజులు నీళ్లు లేవు. మా ఆవిడ ఆ మూడు రోజులూ అన్నం కూడా సీసా నీళ్లతోనే వండింది. దుకాణాల్లో నీళ్ల సీసాలు దొరక్క సరిహద్దు దాటి మిషిగన్ వెళ్లి తెచ్చుకున్నాం.

మీకు పనికొచ్చే సంగతి ఇది. ఆ సరస్సుకు ఎక్కువ భాస్వరం మోసుకొచ్చేది మామీ నది. దాన్ని 1970ల నుంచీ హైడెల్‌బర్గ్ యూనివర్సిటీ వాళ్లు కొలుస్తున్నారు. ఆ యూనివర్సిటీ ఉన్న ఊరి పేరు టిఫిన్. నిజంగానే, జోకు కాదు. మామూలు రోజుల్లో రోజుకొక నమూనా, వరద రోజుల్లో ఇంకా ఎక్కువ, యంత్రమే పట్టేస్తుంది. అంత పట్టుదలగా కొలవబట్టే ఒక విచిత్రం బయటపడింది. దున్నడం తగ్గించాక మట్టి కొట్టుకుపోవడం తగ్గింది, మట్టితో పోయే భాస్వరమూ తగ్గింది. అందరూ గెలిచామనుకున్నారు. కానీ 1990ల మధ్య నుంచి కరిగిన భాస్వరం పెరుగుతూ పోయింది. దున్నని నేల మీద పైపైన చల్లిన ఎరువు కరిగి, పొలాల కింద వేసిన డ్రైనేజీ పైపుల్లోంచి కూడా నదిలోకి దిగింది. మొత్తం భాస్వరం ఒక్కటే కొలిచి ఉంటే ఈ మార్పు కనబడేదే కాదు. ఇప్పుడు మార్చి నుంచి జులై దాకా ఆ నది మోసిన లోడు చూసి, ఆ ఏడు నాచు ఎంత రావచ్చో ముందే చెప్తున్నారు. 2008 నాటి లోడు కంటే 40 శాతం తగ్గించాలని 2016లో అమెరికా, కెనడా లక్ష్యం పెట్టుకున్నాయి. అలాంటి లక్ష్యం పెట్టాలంటే 2008లో ఎంతుందో ఎవరో కొలిచి ఉండాలి కదండీ.

గొర్రుతో విత్తనం కింద వేయడం అన్నారే, ఇక్కడి రైతులకు ఇప్పుడు చెప్తున్నదీ అదే.

వీధిదీపం

సరే, నేనూ ఒప్పుకుంటున్నా. కానీ ఒక డౌటు. పైన అన్ని చెక్‌డ్యాములు కట్టారు, చెరువుల్లో పూడిక తీశారు. మట్టి అక్కడే ఆగాలి కదా?

గేజి_మాస్టారు

ఆగుతుంది. ముతక ఇసుక మొత్తం ఆగుతుంది. మెత్తటి బంకమట్టి ఆగదు, మత్తడి మీదుగా దూకి వస్తుంది. ఎక్కువ భాస్వరం పట్టుకుని ఉండేది ఆ మెత్తటిదే. పైగా చెక్‌డ్యాము నిండి మేట వేశాక దానికి ఆపే శక్తి ఉండదు, మెట్టు మాత్రం మిగులుతుంది. మన పెద్ద జలాశయాలు చూడండి. తుంగభద్ర కట్టినప్పుడు 130 టీఎంసీలకు పైన, ఇప్పుడు 105 చిల్లర. శ్రీరాంసాగర్ 112తో మొదలై 80 దగ్గరికి వచ్చింది. గండిపేటకు ఉన్నదే 3.9 టీఎంసీలు, హిమాయత్ సాగర్‌కు మూడు కూడా నిండదు.

కల్వర్టు_కాడ

ఇప్పుడు రైతు వాటా, మురుగు వాటా విడదీయడం ఎలా? మాకున్నది ఒక్క కల్వర్టు.

బీకరు_అక్క

ఒక్క కల్వర్టు చాలు, ప్రవాహం కొలిస్తే. గ్రాఫు కాగితం మీద అడ్డంగా ప్రవాహం, నిలువుగా కరిగిన భాస్వరం పెట్టి చుక్కలు వేయండి. నీళ్లు పెరిగేకొద్దీ గాఢత పడిపోతుంటే, రోజూ ఒకే మోతాదులో వచ్చేదాన్ని వాన పలచన చేస్తోందని అర్థం. అది గొట్టంలోంచి వచ్చే మురుగు. నీళ్లు పెరిగేకొద్దీ గాఢతా పెరుగుతుంటే, వాన ఎక్కడి నుంచో కడిగి తెస్తోందని అర్థం. అది పొలం, వెంచర్, రోడ్డు, పశువుల కొట్టం. ముందు పడిపోయి తర్వాత లేచిందంటే రెండూ ఉన్నాయి. మీది ఇలాగే ఉంటుందని నా అనుమానం. నైట్రేటు మాత్రం ఇలా లొంగదు, చాలావరకు భూగర్భ జలంతో నెమ్మదిగా ఊరుతూ వస్తుంది, వాన వెలిసిన వారం తర్వాత కూడా ఎక్కువగా కనబడొచ్చు.

ఇంకో చిన్న సంగతి. మే నెలలో మీ వాగు పారుతోందా?

కల్వర్టు_కాడ

సన్నగా పారుతుందక్కా. ఇరవై ఏళ్ల కింద ఎండాకాలం ఎండిపోయేదని ఊళ్లో పెద్దవాళ్లు అంటారు.

బీకరు_అక్క

మరి ఆ నీళ్లు ఆకాశం నుంచి రాలేదు కదా. వాగు పట్టుకుని పైకి నడవండి. ఎక్కడ తడి మొదలైందో అక్కడ ఒక సీసా.

చేవెళ్ల_బిడ్డ

బోర్ల నీళ్లు పారి గూడ వాగుల కలుస్తయక్కా, అన్ని మోరీలే అనుకోవద్దు. కానీ నడువున్రి, నేనూ వస్త. మా తాన నుంచి కిందికి నాలుగు కాల్వలు కలిసేది నాకు ఎరుకే.

గేజి_మాస్టారు

ప్రవాహం కొలవడం గురించి. యంత్రాలు కొనకండి. కల్వర్టు గోడ మీద లోపలి వైపు సెంటీమీటర్ల గుర్తులు పెయింటు చేయండి, పైన కూర్చుని టార్చి వేస్తే కనబడేలా. వాగు ఎండినప్పుడు దిగి అడ్డకోత, అంటే ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా వెడల్పూ లోతూ, కొలిచి గీసుకోండి. నీళ్లున్నప్పుడు, పైనుంచి కల్వర్టు దాకా తిన్నగా ఉన్న చోట ఇరవై మీటర్లు గుర్తు పెట్టుకుని, సగం నీళ్లు నింపిన లీటరు సీసా వదిలి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. బత్తాయి పండు కూడా పనికొస్తుంది, మా రోజుల్లో అదే. నీటి పైపొర వేగంగా పోతుంది కనక వచ్చిన వేగాన్ని 0.85తో గుణించండి. వేగాన్ని అడ్డకోత వైశాల్యంతో గుణిస్తే ప్రవాహం. ఇలా తక్కువ నీళ్లప్పుడు, నడుమ, నిండుగా, పది పదిహేనుసార్లు చేస్తే మట్టానికీ ప్రవాహానికీ ఒక వక్రరేఖ వస్తుంది. తర్వాత మట్టం చూస్తే చాలు. పెద్ద వరద వచ్చి అడుగు కోసుకుపోతే మళ్లీ కొలవాలి, అది మర్చిపోవద్దు.

వరదలో సీసాలు: నీళ్లు ఎక్కుతున్నప్పుడే ఎక్కువ పట్టండి. మట్టి శిఖరం నీటి శిఖరం కంటే ముందే వస్తుంది. వాగు దిగుతున్నప్పుడు పట్టిన సీసా, అదే మట్టం దగ్గర ఎక్కుతున్నప్పుడు పట్టిన సీసా కంటే పలచగా ఉంటుంది చూడండి. మొదటి గంట పోతే పోయినట్టే. తాడు కట్టిన బకెట్‌తో పైనుంచి పట్టండి. బకెట్‌కు అడుగున దొర్లే ముతక ఇసుక అందదు, మీ లెక్క ఎప్పుడూ కాస్త తక్కువే చూపిస్తుంది, అది రాసి పెట్టుకోండి.

నీళ్లలోకి ఎవరూ దిగొద్దు. కల్వర్టు మీదికి నీళ్లు వస్తే సీసా వద్దు, ఏమీ వద్దు, ఇంటికి పోండి. 2020 అక్టోబరు వానలు గుర్తున్నాయి కదా, పదేళ్ల తర్వాత హిమాయత్ సాగర్ గేట్లెత్తిన రోజులు. అప్పుడు చిన్న చిన్న వాగులే కార్లను తీసుకుపోయాయి.

కల్వర్టు_కాడ

అందరికీ దండాలు. ఆదివారం సీసాలు నెలకు రెండుకు తగ్గిస్తున్నాం, ఆ డబ్బు వరదలకు దాచుతున్నాం. ప్రతి సీసాకూ ల్యాబ్ ఖర్చు భరించలేం కాబట్టి అడుగున నలుపు తెలుపు గుర్తున్న 60 సెంటీమీటర్ల పారదర్శక గొట్టం ఒకటి చేసుకున్నాం. నీళ్లు పోస్తూ గుర్తు కనబడకుండా పోయిన ఎత్తు రాయడమే. కొన్ని సీసాలు మాత్రం ల్యాబ్‌కి పంపి, మట్టిని వడకట్టి 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి తూకం వేయిస్తాం. గొట్టం అంకెనూ తూకాన్నీ జత చేస్తే మిగతా సీసాలకు అంచనా వస్తుంది.

బీకరు_అక్క

ఆ జత మీ వాగుకే చెల్లుతుంది, పక్క వాగుకు వాడకండి. ఎర్రమట్టికీ నల్లమట్టికీ కూడా వేరువేరుగా గీయాల్సి రావచ్చు.

కల్వర్టు_కాడ

(మూడు వారాల తర్వాత)

నిన్న రాత్రి వచ్చింది! మొదటి వరద. నోట్‌బుక్‌లో ఉన్నది ఉన్నట్టు:

8:10 – మట్టం 95 సెం.మీ., ఎక్కుతోంది. గొట్టం 3 సెం.మీ. రంగు ఎరుపు.
8:40 – 130. గొట్టం 3. ఎరుపు, చెత్త చాలా.
9:20 – 150, ఇదే గరిష్ఠం. గొట్టం 5. ఎరుపు నుంచి గోధుమకు తిరిగింది.
10:30 – 120. గొట్టం 8. నలుపు.
11:45 – 80. గొట్టం 14. నలుపు.

ఎనిమిది సీసాలు పట్టాం. ఏడే మిగిలాయి. ఫ్రిజ్‌లో పెట్టిన 8:40 సీసాను మా అత్తమ్మ పొద్దున్నే "ఈ బురద ఎవరు పెట్టారు లోపల" అని సింకులో పారబోసి, సీసా శుభ్రంగా కడిగి బోర్లించారు. సబ్బుతో.

చేవెళ్ల_బిడ్డ

సూసినవా అన్నా, ముందు ఎర్రది, ఎనుక నల్లది. వెంచర్ మీకు దగ్గర, మా చేన్లు ఇంకా దూరం. దగ్గరిది ముందొచ్చింది, మాది ఎనుకొచ్చింది. మాది లేదని నేను అంటలేను.

గేజి_మాస్టారు

చక్కగా రాశారు. అత్తమ్మగారికి నా నమస్కారాలు. 8:10కే మట్టం 95 ఉంది. వాగు మామూలుగా ఎంత?

కల్వర్టు_కాడ

20 సార్.

గేజి_మాస్టారు

20 నుంచి 95 దాకా ఎక్కేటప్పుడు పట్టిన సీసా ఒక్కటీ లేదా?

కల్వర్టు_కాడ

లేదు సార్. బండి పంక్చరైంది.